రెండు డబ్బాల ఎర్రనీళ్ళు

మంగళవారం పొద్దున్నే పొక్లెయిన్ దిగింది. ఉప్పు కొఠార్ల చివర ఏటిగట్టు మీద ఆగి, ఇనుప చెయ్యి చాచి మట్టిని ఒకసారి గీరి చూసింది. తర్వాత డ్రైవరు టిఫినుకి పోయాడు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

చిట్టియ్య దాన్ని చూడనట్టే మడిలోకి దిగాడు. పొడుగాటి వెదురుకర్రకి బిగించిన చెక్కపలకని మడి అవతలి అంచు దాకా తోసి, నీళ్ళ అడుగున పేరుకున్న ఉప్పుని తనవైపుకి లాగుతున్నాడు. కాస్త ఎక్కువ ఒత్తితే అడుగు బురద లేచి ఉప్పు నల్లబడుతుంది. తేలిగ్గా పడితే పలక ఉప్పు మీంచి జారిపోతుంది. ఎంత ఒత్తాలో అరచేతులకి తెలియాలి. యాభై నాలుగేళ్ళ చిట్టియ్యకి వచ్చింది ఈ ఒక్క విద్యే. నాలుగు మళ్ళూ బుల్లిరాజుగారివి. వచ్చే వారానికి అవి మళ్ళు కావు, రొయ్యల చెరువు. తాళ్ళరేవు దాటి సముద్రం వైపు వస్తే ఎటు చూసినా అవే చెరువులు. మిగిలిన ముక్క ఇదొక్కటే.

నాలుగో మడి గట్టు మీద గొంతుకూర్చుని అశ్విని ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు తోడుతోంది. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న పిల్ల. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి వారానికోసారి బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆఖరి మైలు నడిచి వస్తోంది. ఆ మడిలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా, తమలపాకు నమిలి ఊసినట్టుంటాయి. ఆ నీళ్ళ కోసమే రాక.

"ఇరవై లీటర్లు పట్టే డబ్బాలు రెండు తెచ్చావు. మొయ్యడానికి ఎవర్ని తెచ్చావమ్మా?" అన్నాడు చిట్టియ్య, పలక ఆపకుండానే.

"ఎవర్నీ తేలేదండి. మీ దగ్గరే పెట్టి వెళ్తాను."

"మా దగ్గర పెట్టినవి ఏం బాగుపడ్డాయి?"

అశ్విని నవ్వింది. "సార్ శనివారం కారేసుకొస్తారండి. సోమవారం ప్రాజెక్టుకి డబ్బిచ్చేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఈలోపు తొట్టిలో ఈ నీళ్ళుండాలి. ల్యాబ్‌లో చిన్న సీసాల్లో ఉన్నాయి గానీ, అవి పెరిగి తొట్టి నిండాలంటే నెలలు పడుతుంది."

"ఎల్లుండికి ఈ మడి ఉండదు. తెలుసా?"

"తెలిసే ఇవాళ పరిగెత్తుకొచ్చానండి."

చిట్టియ్య పలకని గట్టుకి ఆనించి వచ్చాడు. కాళ్ళకి అంటిన ఉప్పునీళ్ళు ఎండకి అప్పుడే తెల్లబడుతున్నాయి. మడమల పగుళ్ళలో ఉప్పు కూరుకుని మండుతుంటే కాలి అంచుల మీద నడుస్తాడు. అది చూసి కొత్తవాళ్ళు కుంటివాడనుకుంటారు.

"ఇన్నాళ్ళూ అడగలేదు గానీ, ఈ నీళ్ళలో ఏం చూస్తున్నావే తల్లీ?"

అశ్విని సంచిలోంచి అరచేతిలో ఇమిడే మైక్రోస్కోపు తీసి ఫోనుకి తగిలించింది. గాజుపలక మీద ఎర్రనీటి చుక్క వేసి, దాని కింద పెట్టి, ఫోను చిట్టియ్య ముఖానికి దగ్గరగా పట్టింది. ముందు మసక తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత మసకలోంచి సన్నటి పుల్లలు బయటపడ్డాయి. అటూ ఇటూ ఈదుతున్నాయి. వాటి మధ్య పల్చటి చదరపు బిళ్ళలు. నాలుగు పక్కలూ గీత గీసి కోసినట్టున్నాయి.

"ఇవేంటి, మళ్ళలా ఉన్నాయి?"

"ప్రాణులండి. ఉప్పంటే ఇష్టపడే సూక్ష్మజీవులు. వేరే ఏ ప్రాణీ బతకలేనంత ఉప్పులో ఇవి బతుకుతాయి. ఆ ఎర్రరంగు వీటిదే. ఎండకి మాడిపోకుండా ఒళ్ళంతా పూసుకుంటాయి."

చిట్టియ్య ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. ఒక చదరం మెల్లగా తిరిగి, అంచు మీద నిలబడి, గీతలా సన్నబడి మాయమైంది. మళ్ళీ చదరమై కనిపించింది.

"ఎర్రబడ్డ మడిలోనే ఉప్పు ముందు దిగుద్ది. మా అయ్య కూడా అదే అనేవాడు."

"అవునండి! ఎర్రరంగు ఎండని బాగా పీల్చుకుంటుంది. నీళ్ళు తొందరగా ఆవిరవుతాయి. మీకు ఉప్పు తొందరగా వస్తుంది."

"అంటే ఇన్నేళ్ళూ ఇవి నాతో కలిసి పనిచేశాయన్నమాట."

"చేశాయండి."

"కూలి అడగలేదు పాపం. నాలాంటివే." ఫోను మీంచి కళ్ళు తియ్యకుండానే, "వీటితో మీకేంటి పని?" అన్నాడు.

అశ్విని ఉత్సాహంగా చెప్పుకుపోయింది. వీటి ఒంట్లో కొవ్వులాంటి పదార్థమొకటి ఉంటుందట. దానితో మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ చెయ్యొచ్చట. ఎర్రరంగు మందులకి పనికొస్తుందట. రొయ్యల చెరువుల్లోంచి వచ్చే ఉప్పుమురుగుని వీటిచేత శుభ్రం చేయించవచ్చేమో చూస్తున్నారట.

చిట్టియ్య పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. "రొయ్యల కోసం మమ్మల్ని లేపేస్తున్నారు. మా నీళ్ళు వెళ్ళి ఆ రొయ్యల మురుగు కడుగుతాయా? బాగుందమ్మా, శానా బాగుంది."

అశ్విని ముఖం చిన్నబోయింది. డబ్బా మూత తిప్పుతూ, "మీ గురించి సార్‌తో చెప్పానండి," అంది. "యూనివర్సిటీ వెనక స్థలంలో ఆరు తొట్లు కట్టించారు. నీళ్ళు ఉప్పుకి ముదిరాయో లేదో చెయ్యి పెట్టి చెప్పే మనిషి కావాలి. నెలజీతం. శనివారం ఈ నీళ్ళు బాగుంటే, మిమ్మల్ని పెట్టుకోడానికి ఆయనకి అభ్యంతరం ఉండదు."

చిట్టియ్య ఫోను ఇచ్చేసి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. చెయ్యి తడిగా లేదు.

అంతలో బుల్లిరాజుగారు బండి మీద వచ్చి, గట్టు మీదే ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డారు. "ఒరేయ్ చిట్టియ్యా, ఉన్న ఉప్పు రేపటికల్లా లాగేసుకో. ఎల్లుండి పోటుకి గండి కొడతారు. చెరువుల దగ్గర కాపలాకి ఉండరా. మంచం వేయిస్తాను. కూర్చునే పనే."

"కూర్చోడం రాదండి," అన్నాడు చిట్టియ్య.

"నేర్చుకో!" ఆయన నవ్వి, అశ్విని వైపు ఒకసారి చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

వెళ్ళబోతూ అశ్విని డబ్బాల మూతలు ఒక్క చుట్టు వదులు చేసి చూపించింది. "బిగించకండి, గాలి ఆడాలి. ఎండ తగిలినా ఏం కాదు, వాటికి ఇష్టమే. ప్రాణమున్నవండీ. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

"అలాగేలేమ్మా. మనుషుల్ని చూసుకున్నట్టే చూసుకుంటాను."

బుధవారం సాయంత్రం ఉప్పు లాగడం అయిపోయాక రెండు డబ్బాల్నీ కావిడికి కట్టి పేటకి మోసుకొచ్చాడు. ఉప్పునీళ్ళు మామూలు నీళ్ళకన్నా బరువు. కావిడిబద్ద భుజంలోకి దిగిపోయింది. ఇంటి ముందు అరుగు మీద, పొద్దున్న ఎండ పడేచోట దించాడు. భార్య రూతు చీపురు చేత్తో పట్టుకుని వచ్చి మూత ఎత్తి చూసింది.

"ఇదేంటయ్యా, కోడిని కోసి కడిగిన నీళ్ళలా ఉన్నాయి?"

"ముట్టుకోకు. ప్రాణులున్నాయి."

"ఏం ప్రాణులు?"

"కంటికి కనబడవులే."

"కనబడనివాటికి అరుగిచ్చావు. కనబడే నేను ఎక్కడ పడుకోవాలి?" అని మూత పెట్టేసింది. పెట్టేటప్పుడు మాత్రం ముందున్నట్టే వదులుగా పెట్టింది.

జీతం సంగతి ఆవిడకి అన్నం తినేటప్పుడు చెప్పాడు. రూతు చారు పోస్తూ ఆగిపోయింది. "నెలనెలా ఇస్తారా? వానాకాలం కూడానా?"

"వానాకాలం కూడా."

తెల్లారి లేచేసరికి అరుగు మీద డబ్బాల చుట్టూ కోళ్ళు రాకుండా కంప అడ్డం పెట్టి ఉంది.

గురువారం పదిగంటల పోటుకి గండి కొట్టారు. చిట్టియ్య వెళ్ళకూడదనుకున్నాడు, వెళ్ళాడు. పొక్లెయిన్ నాలుగుసార్లు చెయ్యి వేసేసరికి గట్టు విరిగింది. ఏటినీళ్ళు బురదరంగులో, చెత్తతో, నురగతో లోపలికి నడిచొచ్చాయి. మొదటి మడి, రెండో మడి, మూడో మడి. నాలుగో మడి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. బురదనీళ్ళ కింద ఎర్రనీళ్ళు బరువుగా, కలవకుండా, కొంచెంసేపు విడిగా కనబడ్డాయి. తర్వాత అంతా ఒకటే రంగయింది. సంక్రాంతి వెళ్ళాక పదిహేను రోజులు, పూటకోసారి, కాళ్ళతో తొక్కి తొక్కి చదును చేసిన నేల అది. సిమెంటులా గట్టిపడే దాకా తొక్కాలి. ఈ ఏడు రూతు మోకాళ్ళు సహకరించక, ఆవిడ వాటా కూడా తనే తొక్కాడు.

"జరుగు తాతా, జరుగు!" అని డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పక్కనే డబ్బాలు. ముప్ఫై ఏళ్ళ మడిలో మిగిలింది అంతే.

రోహిణి కార్తె ఎండ. రేకులింటి ముందు గాలి వేడిగా ఊగుతోంది. మధ్యాహ్నం మూత తీసి చూస్తే నీటిమట్టం వేలెడు దిగింది. అంచుల చుట్టూ తెల్లటి ఉప్పు పొర కట్టింది. పైన నీళ్ళు నూనెలా చిక్కగా ఉన్నాయి. ఎరుపంతా అడుక్కి దిగి మడ్డిలా పడుకుంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పదనం దాటి చేదు తగిలింది.

చేదు తగిలితే ఏం చెయ్యాలో మడిలో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఉప్పు దిగాక మిగిలే చేదునీళ్ళు మడికి పనికిరావు. అవి తీసేసి కొత్తనీళ్ళు పెట్టాలి. పెట్టకపోతే మడి చచ్చిపోతుంది. కానీ కొత్తనీళ్ళెక్కడున్నాయి? ఏటినీళ్ళలో ఇప్పుడు పొక్లెయిన్ నూనె తేలుతోంది. శనివారం దాకా ఆగుదామనుకున్నాడు.

శుక్రవారం ఎండ ఇంకా ముదిరింది. పన్లేని రోజు. చిట్టియ్యకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగుసార్లు డబ్బాల దగ్గరికెళ్ళాడు. ఎరుపు అడుగునే ఉంది, కదలడం లేదు. డబ్బాని కుదిపాడు. కొంచెం లేచి మళ్ళీ కూర్చుంది. మొన్న ఫోనులో ఎలా ఈదాయి! చదరపుది ఒకటి అంచు మీద ఎలా నిలబడింది!

మడిలో పనిచేసేవాడికి దాహమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. కనుచూపుమేరా నీళ్ళే. దోసిలి పట్టడానికి లేవు. పొద్దున్న తెచ్చుకున్న సీసా పన్నెండింటికి అయిపోతే, తర్వాత నాలిక అంగిలికి అతుక్కుపోతుంది. ఒకసారి ఆయన కళ్ళు తిరిగి మడిలోనే పడిపోతే, ఎవరో పరాయి మనిషి గట్టు మీంచి పరిగెత్తుకొచ్చి నోట్లో నీళ్ళు పోశాడు. ఆ మనిషి ముఖం గుర్తులేదు. నీళ్ళు గొంతు దిగడం గుర్తుంది.

గుమ్మం పక్కన నీళ్ళ టిన్ను ఉంది. పంచాయతీ కుళాయిలో వచ్చేది ఉప్పునీరే. అది గిన్నెలు తోమడానికి. తాగడానికి రోడ్డు దాకా వెళ్ళి టిన్ను కొనుక్కోవాలి. పొద్దున్నే రూతు చంకనెత్తుకుని తెచ్చిన కొత్త టిన్ను, మూత మీద సీలు కూడా ఉంది.

చిట్టియ్య ముందు ఒక డబ్బా వంచాడు. అడుగునున్న ఎరుపు కదలకుండా, పైనున్న చేదునీళ్ళు మాత్రం సన్నధారగా పక్కకి వంపాడు. గిన్నె వంచి గంజి వార్చినంత ఓపిగ్గా. అరుగు కింద మట్టి తెల్లగా పొంగింది. పావువంతు మిగిలేదాకా వంపి ఆపాడు. రెండో డబ్బా కూడా అలాగే. తర్వాత టిన్ను సీలు పళ్ళతో పీకి, చెంబుతో కొలుచుకుంటూ దీనికో చెంబు దానికో చెంబు పోశాడు. దేనికీ తక్కువ కాకూడదని.

పెరట్లోంచి వచ్చిన రూతు నిలబడిపోయింది.

"నీ దుంపతెగ! తాగే నీళ్ళు కదయ్యా!"

"తాగుతాయనే పోస్తున్నాను."

"మరి మనం?"

"సాయంత్రం ఇంకోటి తెస్తాలే."

"నేను మోసుకొచ్చాను. తెలుస్తోందా? అక్కణ్ణించి ఇక్కడికి మోసుకొచ్చాను." అని అరుగు మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఆవిడే మెడ సాచి డబ్బాలోకి చూసింది. "అమ్మా, రంగు చూడు, ఎంత తేటపడిందో!"

నిజంగానే తేటపడింది. మట్టిలా కలకగా ఉన్న ఎరుపు కరిగి, గంటలో డబ్బా అంతా ఒకే రంగయింది. గాజుగ్లాసులోని రోజ్‌మిల్క్‌లో పాలు తీసేస్తే ఎలా ఉంటుందో అలా. డబ్బా ఇటు నుంచి చూస్తే అటున్న వేలు కనబడుతోంది. చిట్టియ్య వేలు కదిపి చూశాడు. చాలా రోజులకి ఆయన ముఖం విప్పారినట్టనిపించింది రూతుకి.

"ప్రాణం లేచొచ్చింది," అన్నాడు.

శనివారం పదకొండు గంటలకి కారు పేట మొదట్లో ఆగింది. సందులోకి రాదు. అశ్విని చెప్పిన సార్, చంద్రరావుగారు, తెల్లచొక్కా, మెడలో కార్డు, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. అశ్విని ఆయన కన్నా ముందు పరిగెత్తుకుంటూ వచ్చి అరుగెక్కింది.

చిట్టియ్య ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. "చూసుకోమ్మా. అప్పగించినవి అప్పగించినట్టు..."

అశ్విని మూత తీసింది. లోపలికి చూసింది. అలాగే వంగి ఉండిపోయింది. రెండో దాని మూత తీసింది. మెడ మీద నరం కదలడం చిట్టియ్యకి కనిపించింది.

"ఏమైంది?" అన్నారు చంద్రరావుగారు.

అశ్విని సంచిలోంచి మైక్రోస్కోపు తీసింది. తొందరలో గాజుపలక ఒకటి చేజారి కింద పడి పగిలింది. ఇంకోటి తీసి చుక్క వేసింది. చంద్రరావుగారు ఫోను లాక్కుని చూశారు. ఒక చుక్క, ఇంకో చుక్క, రెండో డబ్బాలోది.

"ఒక్కటి లేదు. అన్నీ పగిలిపోయాయి." ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నారు. "ఉప్పు తగ్గిపోయింది ఇందులో. మంచినీళ్ళు తగిలితే ఇవి ఒక్క నిమిషం ఆగవు. నీళ్ళు లోపలికి దూరి బుడగల్లా పేలిపోతాయి. ఏమయ్యా, నువ్వేమైనా నీళ్ళు కలిపావా?"

చిట్టియ్యకి ముందు మాట అర్థం కాలేదు. మంచినీళ్ళు తగిలితే. తర్వాత అర్థమైంది. నోరు మాత్రం, ఇలాంటి గొంతుకి ఏళ్ళ తరబడి అలవాటైన జవాబు దానంతటదే చెప్పేసింది.

"లేదండి."

గుమ్మంలో రూతు ఉంది. ఆవిడ మొగుడి వైపు చూసి, చూపు గోడ మీదకి తిప్పుకుంది.

అశ్విని చిటికెనవేలు డబ్బాలో ముంచి నాలిక మీద పెట్టుకుంది. చిట్టియ్య వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క తప్పు ఎక్కడ పడిందో వెతుకుతున్నట్టు. ఆ వెతుకులాట తన దగ్గరికే వెళ్ళి ఆగింది.

"తప్పు నాది సార్," అంది. "మంచినీళ్ళు తగలకూడదని నేను చెప్పలేదు. ప్రాణమున్నవి, చూసుకోండి అని మాత్రం చెప్పాను. వాళ్ళకెలా తెలుస్తుంది?"

"చెప్పకపోతే ఏం? ఆయన కలపలేదంటున్నాడుగా!"

అశ్విని వంగి డబ్బా మూత పెట్టింది.

"నీళ్ళు ఎక్కణ్ణించొచ్చాయి మరి? నువ్వు డబ్బాలు కడిగి, అడుగున నీళ్ళు అలాగే వదిలేసి నింపి ఉంటావు. చేసింది ఒప్పుకోకుండా, ఈ పెద్దాయన మీదకి తోస్తావా? కూలి చేసుకుని బతికే మనిషి. సిగ్గుండాలి!" ఆయన చిట్టియ్య వైపు తిరిగి గొంతు తగ్గించారు. "నువ్వేం భయపడకు. నీ మీదకి రానివ్వను."

చిట్టియ్య తల ఊపాడు. బుల్లిరాజుగారు, ఉప్పు షావుకార్లు, బస్సు కండక్టరు, ఆస్పత్రిలో చీటీలు రాసేవాడు. ఇన్నేళ్ళలో తను నిజం చెప్తే నమ్మిన పెద్దమనిషి ఒక్కడు లేడు. ఇవాళ ఒకాయన నమ్మాడు.

"సోమవారానికి నెల్లూరు వైపు నుంచి ట్యాంకర్ తెప్పిస్తాను," అన్నారు చంద్రరావుగారు. "తొట్ల దగ్గరికి ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యి. ఇదిగో నా నంబరు. అశ్వినీ, నీ రికార్డులు ల్యాబ్‌లో కిరణ్ కుమార్‌కి ఇచ్చెయ్. ఈ ప్రాజెక్టులో నీకింక పన్లేదు." కార్డు చిట్టియ్య చేతిలో పెట్టి ఆయన కారు వైపు నడిచారు.

అశ్విని కారెక్కలేదు. ఆయన ఎక్కమనలేదు కూడా. రెండు డబ్బాలూ మోరీలో పారబోసింది. ఎర్రటి తేటనీళ్ళు మురుగులో సాగిపోయాయి. పగిలిన గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరి కాగితంలో చుట్టింది, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని.

"ఇంటికెళ్తావా అమ్మా?" అన్నాడు చిట్టియ్య.

"తుని వెళ్ళాలండి. నాన్నతో చెప్పాలి. సంతలో బస్తాలు మోస్తాడు. నాకు నెలనెలా వచ్చే స్టైపెండు ఆగిపోతుందిగా, ముందే చెప్పకపోతే..." మాట మధ్యలో ఆపేసి, "ఎప్పుడు పోశారండీ?" అని అడిగింది, మామూలుగా.

"నేను పొయ్యలేదమ్మా."

"అలాగేనండి," అంది అశ్విని. ఖాళీ డబ్బాలు చెరో చేత్తో పట్టుకుని సందులోంచి నడిచి వెళ్ళిపోయింది. డబ్బాలు మోకాళ్ళకి కొట్టుకుంటున్న చప్పుడు మలుపు దాకా వినిపించింది.

రూతు కంప తీసి పెరట్లో పడేసింది. అరుగు కడిగింది. అన్నం పెట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టి, తను తాగకుండా వెళ్ళబోయింది.

"అరవకూడదూ?" అన్నాడు చిట్టియ్య.

"ఎందుకరవాలి? జీతం వస్తుందిగా. వానాకాలం కూడాను."

"నీకోసం కాదటే ఇదంతా?"

"నాకోసమే అను. నా మెడకి చుట్టు. ఆ పిల్ల మెడకి చుట్టావుగా, ఇంకో మెడ బరువా?"

రాత్రి ఆయనకి నిద్రపట్టిందో లేదో ఆవిడ అడగలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం గుడి బయట చెట్టునీడలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. సంగతి అప్పటికే పాకింది. "ఏం చిట్టియ్యా, ఆఫీసరైపోయావంట!" అని ఒకడు భుజం తట్టాడు. "ఆయ్, సర్టిఫికెట్లు చూపించమంటున్నారు. మడమలు చూపిస్తాను," అన్నాడు చిట్టియ్య. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. నవ్వుతూనే గుంపులోంచి పక్కకొచ్చి, గోడవతల ఎండలోకి నడిచి, జేబులోంచి కార్డు తీశాడు. అంకెలు ఒక్కొక్కటే నొక్కాడు. ఒకటి తప్పు పడితే మళ్ళీ మొదట్నుంచి నొక్కాడు.

"హలో, ఎవరు?"

"నేనండి. చిట్టియ్యనండి. ఉప్పుమళ్ళ చిట్టియ్య."

"ఆఁ, ఏంటి? ఒకటో తారీఖని చెప్పాను కదా."

"అది కాదండి. ఆ నీళ్ళు... నేనే పోశానండి. ఆ అమ్మాయికేం తెలీదండి. డబ్బాలు పొడిగానే తెచ్చింది. నా కళ్ళతో చూశాను."

అవతల ఎవరికో ఆగమని చెప్పడం వినిపించింది.

"నిన్న అడిగితే లేదన్నావు."

"అన్నానండి. అబద్ధమాడాను."

"ఎందుకు?"

చిట్టియ్య గోడ మీది సున్నం గోరుతో గీకాడు. "తెలీదండి. అడిగారు కదా అని."

"సరే," అన్నారు చంద్రరావుగారు. గొంతులో నిన్నటి మెత్తదనం లేదు. "ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం రానక్కర్లేదు. నమ్మకం లేని మనిషితో నాకు కుదరదు."

"అలాగేనండి."

పెట్టేస్తారనుకున్నాడు. పెట్టలేదు. కాగితం తిరగేస్తున్న చప్పుడు.

"రాసుకోవాలి, చెప్పు. ఏ నీళ్ళు పోశావు? బోరువా? కుళాయివా?"

"ఛ, కుళాయివి ఎందుకు పోస్తానండి!" చిట్టియ్య గొంతు గట్టిగా వచ్చింది. గుంపులో ఒకరిద్దరు ఇటు తిరిగి చూశారు. "కొన్న నీళ్ళండి. కొత్త టిన్ను. సీలు కూడా తియ్యలేదండి. వాటికోసమే తీశాను."